అమ్మానాన్నలతో క్యాంపర్ వ్యాన్ యాత్ర: 12 రోజుల్లో ఎటు వెళ్ళాలి?

తెనాలి_కుర్రాడు
మేం స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. ఆగస్టులో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకు 68, బీపీ మాత్రలు వాడతారు. అమ్మకు 62, మోకాళ్ళ నొప్పి. మేమిద్దరం, 9 ఏళ్ళ పాప, 3 ఏళ్ళ బాబు. మొత్తం ఆరుగురం. హోటళ్ళలో అమ్మకు తిండి కుదరదు. రోజూ బ్రెడ్డు తిని కొండలు చూడమంటే ఎలా చూస్తుంది? అందుకే క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుని మనమే వండుకుంటూ తిరుగుదామని అనుకున్నాం.

నా ప్లాన్: ఫ్రాన్స్‌లో ఆనెసీ సరస్సు, స్విట్జర్లాండ్‌లో లౌటర్‌బ్రున్నెన్ లోయ, ఇటలీలో గార్డా సరస్సు, డోలమైట్స్ కొండలు, స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు, ఆస్ట్రియాలో గ్రోస్‌గ్లాక్నర్ కొండ రోడ్డు, అక్కడి నుంచి ఇంటికి. 12 రోజులు, 2,000 కిలోమీటర్ల పైనే. వాళ్ళు మళ్ళీ ఇంత దూరం వస్తారో రారో, అందుకే ఏదీ వదలబుద్ధి కావట్లేదు. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి, ఇది అయ్యే పనేనా?

గోదారి_గట్టు
అయ్యే పని కాదు. గార్డా, ఆనెసీ రెండూ తీసేయండి. ఆగస్టు 15 ఇటలీ వాళ్ళకు పెద్ద పండగ, ఆ వారం దేశమంతా సరస్సుల దగ్గరే ఉంటుంది. స్లొవేనియా మాత్రం వదలొద్దు.

బెర్న్_బాబాయ్
17 ఏళ్ళుగా స్విట్జర్లాండ్‌లో ఉంటున్నాను. మా చుట్టాలను తిప్పినన్ని సార్లు ఇక్కడి గైడ్లు కూడా తిప్పి ఉండరు! అనుభవంతో ఒకటి చెప్తాను బాబూ. 12 రోజుల్లో ఆరు చోట్లంటే ఒక్కో చోట రెండు రాత్రులు కూడా పడవు. రోజూ పొద్దున్నే వ్యాన్ పక్కన వేసిన పందిరి మడవాలి, కరెంటు వైరు చుట్టాలి, మురికినీళ్ళు ఒంపాలి, మంచినీళ్ళు నింపాలి, గిన్నెలన్నీ కదలకుండా సర్దాలి. ఒక గంట, గంటన్నర పని. సాయంత్రం మళ్ళీ అదంతా విప్పాలి. మీ నాన్నగారు సీట్లో కూర్చుని కిటికీలోంచి యూరప్ చూస్తారు, అంతే. రెండు చోట్లు చాలు, మహా అయితే మూడు.

రోడ్డే_ఇల్లు
నేను బాబాయ్‌తో ఒప్పుకోను. క్యాంపర్ తీసుకునేదే తిరగడానికి. ఒకే చోట ఉండేదానికి అంత డబ్బు పోసి వ్యాన్ ఎందుకు? క్యాంపింగ్ సైట్లు కూడా అక్కర్లేదు, దారిలో ఎక్కడ బాగుంటే అక్కడ ఆపుకుని పడుకోవడమే. మేం భార్యాభర్తలం పోయినేడు పోర్చుగల్ దాకా వెళ్ళొచ్చాం. అంత స్వేచ్ఛ ఇంకెందులోనూ లేదు.

సీమ_చినుకు
@రోడ్డే_ఇల్లు మీరు ఇద్దరు, వయసులో ఉన్నవాళ్ళు. ఆయనకు 3 ఏళ్ళ పిల్లాడు, మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మ. లెక్కే వేరు.

ఓరుగల్లు_పిల్ల
ముందు వ్యాన్ సంగతి చూడండి. ఆరుగురికి పడకలు ఉన్న వ్యాన్ వేరు, ఆరుగురికి సీటు బెల్టులు ఉన్న వ్యాన్ వేరు. ప్రకటనలో 6 పడకలు అని ఉంటుంది, బెల్టులు చూస్తే నాలుగే ఉంటాయి. బుక్ చేసే ముందు బెల్టుల సంఖ్య, బాబు సీటు ఎక్కడ బిగించాలి అన్నది రాతపూర్వకంగా అడగండి.

రెండోది బరువు. మామూలు బి లైసెన్స్‌తో నడపగలిగేది 3.5 టన్నుల వరకే. ఖాళీ బండే 3 టన్నులు ఉందనుకోండి, మిగిలేది 500 కిలోలు. మీ ఆరుగురూ కలిపి 350 కిలోలు. ట్యాంకులో 100 లీటర్ల నీళ్ళంటే 100 కిలోలు. ఇంక గ్యాస్ సిలిండర్లు, కుర్చీలు, బల్ల, బట్టలు, బియ్యం. దాటిపోయినట్టే. స్విట్జర్లాండ్‌లో, ఆస్ట్రియాలో రోడ్డు మీదే ఆపి తూకం వేస్తారు, ఎక్కువుంటే జరిమానా. దానికంటే ముఖ్యం, కొండ దిగేటప్పుడు బ్రేకుల మీద ఆ బరువంతా పడుతుంది.

తెనాలి_కుర్రాడు
బెల్టుల సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడే చూశాను, నేను అనుకున్న వ్యాన్‌కు 4 బెల్టులే. చాలా థాంక్స్ అండి. ఇవాళే డబ్బు కట్టబోయాను.

నార్వే_నేస్తం
లోఫోటెన్ దీవులు, గైరాంగర్ ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) చూడకుండా యూరప్‌లో ప్రకృతి గురించి మాట్లాడకూడదు 🙂 కానీ నిజం చెప్తున్నా, స్టుట్‌గార్ట్ నుంచి 12 రోజులకు నార్వే పెట్టుకోవద్దు. ఇక్కడ మ్యాప్‌లో 100 కిలోమీటర్లంటే దారిలో ఒక ఫెర్రీ, రెండు కొండలు, పది సొరంగాలు. వీలైతే మూడు వారాలు పెట్టుకుని రండి.

అందరూ నార్వేలో ఎక్కడైనా ఉండొచ్చు అంటారు కదా, దాని అసలు రూపం ఇది. 1957 చట్టం ప్రకారం సాగులో లేని నేలలో ఎవరైనా గుడారం వేసుకోవచ్చు, కానీ మనుషులున్న ఇంటికి కనీసం 150 మీటర్ల దూరం ఉండాలి, రెండు రాత్రులు దాటితే స్థలం యజమానిని అడగాలి. ఆ హక్కు గుడారాలకు. క్యాంపర్ వ్యాన్‌తో పొలంలోకి దిగడానికి కాదు.

లీడ్స్_లక్ష్మి
స్కాట్లాండ్‌లోనూ అంతే. 2003 చట్టం కాలినడకన వెళ్ళేవాళ్ళకు, గుడారాలకు హక్కు ఇచ్చింది, మోటారు బళ్ళకు కాదు. అందరూ కలిపేసి మాట్లాడతారు. లోక్ లోమండ్ సరస్సు దగ్గరైతే మార్చి నుంచి సెప్టెంబరు వరకు చాలా చోట్ల గుడారానికి కూడా పర్మిట్ కావాలి.

రోడ్డే_ఇల్లు
సరే, చట్టాలు ఉన్నాయి. కానీ ఎవరు పట్టుకుంటారు?

సీమ_చినుకు
మమ్మల్ని పట్టుకున్నారు. క్రొయేషియా తీరంలో, సముద్రానికి ఎదురుగా ఖాళీ పార్కింగ్ చూసి మా అత్తమామలతో సహా పడుకున్నాం. రాత్రి రెండింటికి తలుపు కొట్టారు. తప్పు మాదే, అక్కడ సైటు బయట రాత్రి గడపకూడదని బోర్డు కూడా ఉంది. జరిమానా కంటే బాధ ఏంటంటే, మా మామగారు పోలీసు బట్టలు చూసి వణికిపోయారు. పాస్‌పోర్టులు తీసుకుపోతారేమో, మనల్ని వెనక్కి పంపేస్తారేమో అని తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు ఆ సాహసం వద్దు.

రోడ్డే_ఇల్లు
అది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మేమిద్దరమే కాబట్టి ఆ భయం తెలియలేదు.

గోదారి_గట్టు
ఇప్పుడు స్లొవేనియా గురించి చెప్పనివ్వండి. నేను మ్యూనిక్‌లో ఉంటాను, నాలుగు సార్లు వెళ్ళాను. బ్లెడ్ సరస్సు పడమటి కొసన నీళ్ళ ఒడ్డునే క్యాంపింగ్ ఉంది. చెక్క పడవలో దీవికి తీసుకెళ్తారు. అక్కడ చర్చికి 99 మెట్లు ఉన్నాయి, మీ అమ్మగారు ఎక్కలేకపోతే కింద కూర్చున్నా చాలు, ఆ నీళ్ళు చూస్తూ గంట గడిచిపోతుంది.

కానీ నా మనసు మాత్రం బోహిన్ మీదే. బ్లెడ్ నుంచి అరగంట దూరం. నాలుగు కిలోమీటర్ల పొడవైన సరస్సు, చుట్టూ అడవి, హోటళ్ళ గోల లేదు. సరస్సు చివర ఉకాంత్స్ నుంచి వోగెల్ కేబుల్ కార్ ఎక్కితే 1,535 మీటర్ల ఎత్తుకు చేరతాం, ఒక్క మెట్టు ఎక్కకుండా త్రిగ్లావ్ శిఖరం చూడొచ్చు. పొద్దున ఆరింటికి నీళ్ళ మీద పొగమంచు కదులుతుంటే మన పాపికొండల దగ్గర లాంచీ ఎక్కిన రోజులు గుర్తొస్తాయి. నేను రాజమండ్రి వాడిని, ఆ మాట ఊరికే అనను.

ఓరుగల్లు_పిల్ల
బోహిన్ నిజంగా బాగుంటుంది. కానీ అక్కడి నుంచి సోచా లోయకు వెళ్ళాలనుకునేవాళ్ళు వర్షిచ్ కనుమ మీదుగా పెద్ద బండి తీసుకెళ్ళొద్దు. 1,611 మీటర్ల ఎత్తు, 50 మలుపులు, ఉత్తరం వైపు మలుపులన్నీ రాళ్ళు పరిచినవి. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ ఖైదీల చేత వేయించిన రోడ్డు అది. 1916లో హిమపాతం కింద పడి వాళ్ళలో చాలామంది చనిపోయారు, వాళ్ళ కోసం కట్టిన చిన్న చెక్క చర్చి దారిలో ఉంది. క్యాంపర్ వాళ్ళకు ఇటలీ వైపు నుంచి ప్రెడెల్ కనుమ సుఖం.

బెర్న్_బాబాయ్
గోదారి గారూ, మీ బోహిన్ మీద నాకు గౌరవం ఉంది. కానీ స్టుట్‌గార్ట్ నుంచి అది మ్యూనిక్ దాటి, సాల్జ్‌బర్గ్ దాటి, టావెర్న్ సొరంగాలు దాటి వెళ్ళాలి. ఆగస్టు శనివారం ఆ దారి మొత్తం బంపర్ టు బంపర్. ఆస్ట్రియా విన్యెట్ (హైవే వాడినందుకు కొనే స్టిక్కర్), స్లొవేనియా విన్యెట్, టావెర్న్‌కు విడిగా టోల్, కరవాంకెన్ సొరంగానికి విడిగా టోల్. లౌటర్‌బ్రున్నెన్ అయితే స్టుట్‌గార్ట్ నుంచి సుమారు 350 కిలోమీటర్లే.

గోదారి_గట్టు
స్విట్జర్లాండ్‌లో ఒక కాఫీ డబ్బుతో స్లొవేనియాలో భోజనం వస్తుంది బాబాయ్.

బెర్న్_బాబాయ్
వాళ్ళు వండుకునే తింటారు కదయ్యా! జర్మనీలోనే సరుకులు కొనుక్కుని వస్తే సరి.

పప్పుచారు
వంట మాట వచ్చింది కాబట్టి నేను వచ్చాను. ఇది జాగ్రత్తగా చదవండి, మా ఇంట్లో దీని మీద యుద్ధమే జరిగింది.

క్యాంపింగ్ సైట్లలో కరెంటు పాయింటుకు ఆంపియర్ల పరిమితి ఉంటుంది. 6 ఆంప్స్ అంటే 1,380 వాట్లు. 10 అయితే 2,300. 16 అయితే 3,680. రైస్ కుక్కర్ 700, మిక్సీ 750. 6 ఆంప్స్ సైట్లో రెండూ ఒకేసారి పెడితే ఫ్యూజు పోతుంది. ఆ ఫ్యూజు పెట్టెకు తాళం వేసి ఉంటుంది, ఆఫీసు వాళ్ళు వచ్చి తీయాలి. ఫ్రాన్స్‌లో రాత్రి తొమ్మిదింటికి మా ఆయన కొబ్బరి పచ్చడి కోసం మిక్సీ తిప్పారు, మా బండితో పాటు పక్క బండి కూడా చీకటి. అన్నం సగం ఉడికి ఆగిపోయింది. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్, కెటిల్ ఇంట్లోనే వదిలేయండి. బుక్ చేసేటప్పుడే 10 లేదా 16 ఆంప్స్ అడగండి.

గ్యాస్‌కు చిన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి చాలు. పప్పు, అన్నం ఒకదాని మీద ఒకటి పెడితే గ్యాస్ మిగులుతుంది. తాలింపు మాత్రం వ్యాన్ లోపల వేయకండి. ఇంగువ, ఎండుమిర్చి ఘాటు పరుపులకు పట్టి వారం పోదు, అద్దె బండి అయితే శుభ్రం చేసినందుకు డబ్బు పట్టుకుంటారు. బయట పందిరి కింద రెండో స్టవ్ పెట్టుకోండి. కందిపొడి, చింతపండు పులిహోర గుజ్జు, గోంగూర పచ్చడి తీసుకెళ్తే సగం రోజులు వంటే అక్కర్లేదు.

అమ్మగారికి ముందే చెప్పండి, ఇండియా నుంచి నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి తీసుకురాకూడదు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఈయూలోకి రానివ్వరు. ఎయిర్‌పోర్టులో ఆవిడ చేతుల్లోంచి తీసి పారేస్తే ఆ బాధ యాత్రంతా ఉంటుంది.

సీమ_చినుకు
పప్పుచారు గారూ, ప్రెషర్ కుక్కర్ మొదటి విజిల్‌కు మా పక్క గుడారంలో ఉన్న డచ్ పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు 😄 మర్నాడు ఆయనకు పప్పన్నం పెట్టాం. వెళ్ళే రోజు కుక్కర్ ఎక్కడ దొరుకుతుందో అడిగి రాసుకున్నారు.

తెనాలి_కుర్రాడు
అమ్మ రెండు కిలోల నెయ్యి కాచి పెట్టిందట. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, మా చెల్లికి ఇచ్చేస్తానంది. కాస్త చిన్నబుచ్చుకుంది.

లీడ్స్_లక్ష్మి
ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. రాత్రి బాత్రూమ్ సంగతి ఏంటి? షుగర్, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు. వ్యాన్‌లో ఉండేది చిన్న క్యాసెట్ టాయిలెట్. ఆరుగురు వాడితే రెండు రోజులకు నిండుతుంది, దాన్ని మోసుకెళ్ళి ఒంపేది మీరే. సైటు బాత్రూమ్‌లు శుభ్రంగా ఉంటాయి కానీ 100, 150 మీటర్లు నడవాలి, నీళ్ళుండవు, కాగితమే. ఒక చెంబు తీసుకెళ్ళండి. కొన్ని చోట్ల వేడినీళ్ళకు టోకెన్ బిళ్ళ వేయాలి, నాలుగైదు నిమిషాల్లో ఆగిపోతాయి, మా నాన్నకు తల మీద సబ్బు ఉండగానే ఆగిపోయాయి.

ఇంకోటి, డ్రైవర్ సీటు పైన ఉండే పడకకు నిచ్చెన ఎక్కాలి. అమ్మగారి మోకాళ్ళకు అది అసలు కుదరదు.

ఓరుగల్లు_పిల్ల
లక్ష్మి గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. అందుకే నా సలహా వినండి. చాలా క్యాంపింగ్ సైట్లలో గుడారాలు, వ్యాన్లతో పాటు చిన్న చెక్క ఇళ్ళు, మొబైల్ హోమ్‌లు అద్దెకిస్తారు. లోపలే బాత్రూమ్, వంటగది, నిజమైన మంచం. అమ్మానాన్నకు అది తీసుకోండి. మీరు నలుగురు 4 బెల్టుల చిన్న వ్యాన్‌లో, పక్కనే. ప్రయాణంలో మీ ఆవిడ కారులో అమ్మానాన్నను తీసుకొస్తారు, మీరు పిల్లలతో వ్యాన్ నడుపుతారు. బరువు తగ్గింది, బెల్టుల గొడవ తీరింది, రాత్రి బాత్రూమ్ టెన్షన్ తీరింది. పైగా అక్కడికి చేరాక కారు చేతిలో ఉంటుంది కాబట్టి ప్రతిసారీ వ్యాన్ కదపక్కర్లేదు.

మాది నెదర్లాండ్స్, మాకు కారు వెనక తగిలించి లాగే సొంత క్యారవాన్ ఉంది. మేం దాన్ని ఒక చోట నిలిపి కారు విడదీసి చుట్టుపక్కల తిరుగుతాం. ఇక్కడ డచ్ వాళ్ళు ఏళ్ళ తరబడి చేసేది అదే.

రోడ్డే_ఇల్లు
ఇది బాగుంది. నేను కూడా ఒప్పుకుంటున్నా. ఆల్కోవ్ వ్యాన్ (డ్రైవర్ సీటు పైన పడక ఉండేది) అయితే 3 మీటర్ల పైన ఎత్తు, పోయినేడు నేను సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో 2 మీటర్ల ఇనుప కడ్డీని చూసుకోకుండా వెళ్ళి పైకప్పు చీల్చాను. 1,500 యూరోల డిపాజిట్ మొత్తం పోయింది. ఏ వ్యాన్ తీసుకున్నా ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించుకోండి.

సీమ_చినుకు
ఒక్క మాట అడగనా? ఇంతమంది ఇన్ని చెప్పాం. మీ అమ్మానాన్న ఏం చూడాలనుకుంటున్నారో ఎవరైనా అడిగారా?

తెనాలి_కుర్రాడు
రెండు రోజులుగా మీ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాను. నిజం, నేను అడగలేదు. మ్యాప్ ముందు పెట్టుకుని నేనే అన్నీ అనుకున్నాను. రాత్రి ఫోన్ చేశాను.

అమ్మ అంది: "పాటల్లో చూపిస్తారే, పచ్చటి గడ్డి, వెనకాల మంచు కొండ. అది ఒక్కటి చూస్తే చాలురా. దాని ముందు కూర్చుని నా చేత్తో వండి మీ అందరికీ పెట్టాలి." నాన్న ఇంకా చిత్రం. ఆయనకు కొండలు కాదట, అక్కడి ఆవులు చూడాలట. ఏం మేత వేస్తారు, పూటకు ఎన్ని లీటర్లు ఇస్తాయి, పాలు ఎవరు పోయించుకుంటారు అని నన్నే అడుగుతున్నారు. మాకు పదేళ్ళ కిందటి దాకా ఆరు గేదెలు ఉండేవి. గార్డా పేరు, ఆనెసీ పేరు ఇద్దరూ ఎత్తలేదు.

బెర్న్_బాబాయ్
అయితే ఇంక వెతకడం ఆపెయ్ బాబూ. మీ అమ్మ చెప్పింది లౌటర్‌బ్రున్నెన్. రెండు వైపులా నిట్టనిలువు రాతి గోడలు, వాటి మీంచి 72 జలపాతాలు దూకుతాయని అక్కడి వాళ్ళు లెక్క చెప్తారు. ష్టౌబ్‌బాఖ్ ఒక్కటే దాదాపు 300 మీటర్లు, నీళ్ళు కిందికి వచ్చేసరికి పొడిగా మారి గాలిలో ఊగుతుంటాయి. క్యాంపింగ్‌లో కుర్చీ వేసుకుంటే ఎదురుగా అదే. లోయ లోపలికి ష్టెహెల్‌బెర్గ్ దాకా పచ్చిక, ఆవులు. నాన్నగారికి పండగే.

ఇప్పుడు పెద్దవాళ్ళకు ఏది నప్పుతుందో విను. మంచు కొండల మధ్య యూంగ్‌ఫ్రౌయోఖ్ కనుమ 3,454 మీటర్ల ఎత్తు. గొప్ప చోటు, 1912 నుంచి రైలు నడుస్తోంది, కానీ టికెట్ ఒక్కొక్కరికి 200 ఫ్రాంకుల పైనే, బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా వెళ్ళొద్దు. దాని బదులు మ్యూరెన్ వెళ్ళండి. లౌటర్‌బ్రున్నెన్ నుంచి కేబుల్ కార్‌లో గ్రూచ్‌ఆల్ప్, అక్కడి నుంచి చిన్న రైలు. 1,638 మీటర్లు. ఊళ్ళో కార్లు ఉండవు. బెంచీ మీద కూర్చుంటే ఐగర్, మోంఖ్, యూంగ్‌ఫ్రౌ మూడు శిఖరాలూ వరసగా కనిపిస్తాయి. అమ్మగారు అడిగిన మంచు కొండ అదే.

ట్రూమెల్‌బాఖ్ కొండ కడుపులో దూకే జలపాతం, పది అంచెలు, కొంత వరకు లిఫ్ట్ ఉంది. కానీ 4 ఏళ్ళ లోపు పిల్లలను రానివ్వరు. మీ బాబుతో ఒకరు బయట ఉండాలి. మెట్లు తడిగా ఉంటాయి, అమ్మగారు కూడా బయటే ఉంటే మంచిది.

విన్యెట్ 40 ఫ్రాంకులు, ఏడాదిది ఒక్కటే దొరుకుతుంది. మీకు రెండు బళ్ళు కాబట్టి రెండు కావాలి. అద్దె వ్యాన్‌కు ఇప్పటికే ఉందేమో అడుగు. సైటు ఇవాళే బుక్ చెయ్యి, ఆగస్టులో ఖాళీ ఉండదు.

గోదారి_గట్టు
నాన్నగారికి ఆవులు కావాలంటే నేను కూడా ఓటు మార్చాను. బోహిన్ నా దగ్గరే ఉంటుంది, వచ్చే ఏడాది మీ నలుగురూ రండి, నేనే తీసుకెళ్తాను.

పప్పుచారు
తిరుగు ప్రయాణంలో బోడెన్‌జే సరస్సు దగ్గర మూడు నాలుగు రాత్రులు పెట్టుకోండి. పిల్లలకు ఈతలు, పెద్దవాళ్ళకు చదునుగా నడిచే దారులు, మైనౌ దీవి పూలతోట. కూరగాయలు, ఆపిల్ తోటలు చూసి మా నాన్న అక్కడి నుంచి కదల్లేదు.

జర్మనీ సైట్లలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా నిశ్శబ్ద సమయం, చాలా చోట్ల గేటు కూడా మూసేస్తారు. ఒంటిగంట దాటి వెళ్తే బయట ఎండలో నిలబడాలి. రాత్రి పదింటి తర్వాత కూడా గొంతు తగ్గించాలి. నాన్నగారికి ఇండియా ఫోన్లు స్పీకర్‌లో పెట్టే అలవాటు ఉంటే ముందే చెప్పండి.

లీడ్స్_లక్ష్మి
వీసా ఫైల్లో బస వివరాలు అడుగుతారు, క్యాంపింగ్ సైటు బుకింగ్ కాగితాలు కూడా పెట్టొచ్చు. స్విట్జర్లాండ్ షెంగెన్‌లోనే ఉంది కాబట్టి ఒక్క వీసా సరిపోతుంది. సైట్లలో చేరేటప్పుడు పాస్‌పోర్టులు చూపించమంటారు, అసలువే తీసుకెళ్ళండి.

తెనాలి_కుర్రాడు
లౌటర్‌బ్రున్నెన్‌లో 7 రాత్రులు బుక్ చేశాను, అమ్మానాన్నకు చిన్న చెక్క ఇల్లు, మాకు వ్యాన్ చోటు. తర్వాత బోడెన్‌జేలో 4. వచ్చాక రాస్తాను.

తెనాలి_కుర్రాడు
మొన్న రాత్రి ఇంటికి చేరాం. మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను.

మొదటి రెండు రోజులు ముసురు. కొండలు లేవు, జలపాతం లేదు, తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడు రాత్రులు ఒకే చోట పెట్టుకోవడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది. పాత ప్లాన్ ప్రకారమైతే అదే మబ్బు చూసి ఇటలీ వెళ్ళిపోయేవాళ్ళం. మూడో రోజు తెల్లవారుజామున నాన్న తలుపు కొట్టి లేపారు. మబ్బు విడిపోయి లోయ చివర మంచు కొండ మీద ఎండ పడుతోంది. అమ్మ శాలువా కప్పుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి లేచి ఉప్మాకు రవ్వ వేయించింది. ఆ కొండ ఎదురుగా, పందిరి కింద, అందరికీ తనే పెట్టింది.

మ్యూరెన్‌లో బాబాయ్ గారు చెప్పిన బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం. అమ్మకు ఒక్క మెట్టు ఎక్కే పని పడలేదు. ట్రూమెల్‌బాఖ్‌కు పాప, నేను వెళ్ళాం, ఆ హోరుకు మాట వినపడలేదు.

నాన్న సంగతి వేరే రాయాలి. రోజూ సాయంత్రం ష్టెహెల్‌బెర్గ్ దారిలో నడిచి వెళ్ళి కంచె దగ్గర నిలబడేవారు. నాలుగో రోజు అక్కడి రైతు పలకరించాడు. ఆయనకు తెలుగు రాదు, నాన్నకు జర్మన్ రాదు, పాప మధ్యలో నిలబడి రెండూ చెప్పింది. పొదుగు వాపుకు మందు ఏం వేస్తారు అని నాన్న అడిగారు, పాపకు ఆ మాట ఏ భాషలోనూ తెలియదు, ఆయన చేత్తో చూపిస్తే రైతు నవ్వి లోపలికి తీసుకెళ్ళి మందు డబ్బా చూపించాడు. రాత్రి పడుకున్నాక ఆవుల మెడ గంటలు వినపడుతుంటే నాన్న అన్నారు, మన కొట్టంలో పెద్ద గేదె మెడలో గంట కూడా ఇలాగే మోగేదని. ఆ గంట మా ఇంట్లో అటక మీద ఇంకా ఉందట.

పప్పుచారు గారూ, మాకు 10 ఆంప్స్ ఇచ్చారు. అమ్మ మూడు రోజుల్లో కరెంటు లెక్క నేర్చేసుకుంది, కుక్కర్ దిగాకే మిక్సీ.

పప్పుచారు
ఉప్మా దగ్గర నాకు కళ్ళు తడిశాయి.

బెర్న్_బాబాయ్
మ్యూరెన్ బెంచీ మీద మా అమ్మ ఫోటో కూడా ఉంది. 2014లో తీసింది. మీరు రాసింది చదివి ఇప్పుడే బయటికి తీశాను.

కొత్తగా_వచ్చా
ఇది మొత్తం చదివాను. మా అత్తమామలు అక్టోబరు చివర్లో వస్తున్నారు, అప్పుడు లౌటర్‌బ్రున్నెన్‌లో క్యాంపింగ్ ఉంటుందా? చలికి తట్టుకుంటారా?

బెర్న్_బాబాయ్
అక్కడ ఏడాదంతా తెరిచి ఉండే సైటు ఉంది అమ్మా. కానీ అక్టోబరు చివర్లో లోయలోకి ఎండ కాసేపే వస్తుంది, కొన్ని కేబుల్ కార్లు మరమ్మతు కోసం ఆపేస్తారు, తేదీలు చూసుకుని రండి. పెద్దవాళ్ళకు వ్యాన్ వద్దు, హీటరున్న చెక్క ఇల్లే. గ్యాస్ అయితే ప్రొపేన్ తీసుకోండి, బ్యుటేన్ సున్నా డిగ్రీల దగ్గర పని చేయదు.

తెనాలి_కుర్రాడు
@కొత్తగా_వచ్చా మీరు స్టుట్‌గార్ట్ దగ్గర్లో ఉంటే చెప్పండి. 25 మీటర్ల కరెంటు వైరు, నీలం ప్లగ్గు, చిన్న ప్రెషర్ కుక్కర్, చక్రాల కింద పెట్టే చెక్కలు మా సెల్లార్‌లో ఉన్నాయి. తీసుకెళ్ళండి. ముందు మాత్రం మీ అత్తమామలకు ఒక ఫోన్ చేసి, ఏం చూడాలని ఉందో అడగండి.